గది దాటడానికి ఐదు గంటలు

1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జేమ్స్ స్లాగిల్ అనే పరిశోధక విద్యార్థి కంప్యూటర్ చేత ఇంటిగ్రేషన్ లెక్కలు చేయించాడు. మన ఇంటర్ రెండో ఏడాది పిల్లల్ని పరీక్షల ముందు నిద్రపోనివ్వని లెక్కలే అవి. 86 లెక్కలిస్తే ఆయన ప్రోగ్రాం 84 చేసి చూపించింది. అందులో చాలావరకు ఎం.ఐ.టి. మొదటి సంవత్సరం పరీక్షల్లో అడిగినవి. స్లాగిల్‌కు కంటిచూపు లేదు. చదివిపెట్టేవాళ్ల సాయంతో చదువుకుంటూ వచ్చిన మనిషి, నిండా పాతికేళ్లు లేని కొత్త శాస్త్రానికి అంత పెద్ద విజయం తెచ్చిపెట్టాడు. ఆ తర్వాత అదే సంస్థలో, చూపున్నవాళ్లంతా కలిసి యంత్రానికి చూడటం నేర్పబోయి ఏళ్ల తరబడి అవస్థపడ్డారు. కంప్యూటర్ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఘట్టం ఇదే.

1966 జులై 7న అక్కడి పరిశోధకుడు సీమోర్ పాపెర్ట్ ఒక పథకం రాశారు. వేసవి సెలవుల్లో పనిచేసే విద్యార్థులకు పనులు పంచిపెట్టే కాగితం అది. టీవీ కెమెరాను కంప్యూటర్‌కు తగిలిస్తారు. ఎదురుగా కనిపిస్తున్నదాంట్లో వస్తువేది, దాని వెనకున్నదేది అని యంత్రం విడదీయాలి. తర్వాత ఆ వస్తువు పేరు చెప్పాలి. జులైలో బంతులు, ఇటుకలు, స్థూపాల వంటి సాదా ఆకారాలు. ఆగస్టులో కప్పులు, పనిముట్లు. తలా ఒక ముక్క పూర్తిచేస్తే అన్నీ అతికించి చూపు వ్యవస్థలో పెద్ద భాగమే తయారుచేయవచ్చని అంచనా.

వేసవి అయిపోయింది. ఆ కాగితాన్ని ఈనాటికీ నవ్వుకోవడానికి బయటికి తీస్తుంటారు. నాకది సబబనిపించదు. ఇంటిగ్రేషన్ చేసిన యంత్రానికి కప్పును గుర్తుపట్టడం ఒక లెక్కా అని ఆ రోజున ఎవరైనా అనుకుంటారు. కప్పును కప్పుగా గుర్తుపట్టడానికి రెండేళ్ల పిల్ల ఏ బడికీ వెళ్లదు కదా! ఇది ఎంత కష్టమో ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరికీ ఎప్పుడూ కష్టం కలగలేదు.

కష్టం ఎక్కడుందో తెలియాలంటే కెమెరా నుంచి కంప్యూటర్‌కు చేరేదేమిటో చూడాలి. అక్కడ కప్పు ఉండదు, బల్ల ఉండదు. అంకెలుంటాయి, అంతే. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో వెలుతురు ఎంతుందో ఒక్కో అంకె. ఈ అంకెల గుట్టలోంచి ఆకారాన్ని బయటికి లాగే తొలి ప్రయత్నాల్లో గట్టిది లారీ రాబర్ట్స్‌ది. తర్వాత ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్‌ను నడిపించింది ఈయనే. 1963లో ఎం.ఐ.టి.కి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో, ఫోటోలో ఉన్న చెక్క దిమ్మల అంచుల్ని పట్టుకునే పద్ధతి చెప్పారు. పక్కపక్కనే ఉన్న నాలుగు గళ్లు తీసుకోవాలి. పైన రెండు, కింద రెండు. మూలకు మూల తీసివేయాలి. నాలుగింటిలోనూ 180కి అటూ ఇటూగా ఉంటే తేడా సున్నాకు దగ్గర, అంటే అక్కడ అంచు లేదు. ఎడమ రెండూ 180, కుడి రెండూ 60 అయితే తేడా 120. అంచు దొరికినట్టే. ఇలా బొమ్మంతా నాలుగేసి గళ్ల చొప్పున తిరిగి, దొరికిన చుక్కల్ని గీతలుగా కలిపి, గీతల్ని ముఖాలుగా కూర్చి, ఇది ఘనం, ఇది పట్టకం అని తేల్చాలి.

చెక్క దిమ్మల దాకా బాగానే సాగింది. కానీ దిమ్మ పక్కన నీడ పడితే? నీడ మొదలైన చోట కూడా 180 కాస్తా 60 అవుతుంది. అంచుకూ నీడకూ అంకెల్లో తేడా లేదు. బల్ల మీద చెమ్మ మరకైనా, దిమ్మ మీద అచ్చువేసిన అక్షరమైనా అంతే. నీడను చూసి వస్తువనుకుని మనం పక్కకు తప్పుకోం. ఎందుకు తప్పుకోమో చెప్పమంటే, 'నీడ కదా' అంటాం. అది జవాబు కాదు, ప్రశ్నే మళ్లీ.

నీడను పీడగా చూసినవాళ్ల మధ్య డేవిడ్ వాల్ట్జ్ దాన్ని వేరేగా చూశారు. 1972లో ఎం.ఐ.టి.లో చేసిన పరిశోధనలో ఆయన నీడల్ని చెరిపేయకుండా లెక్కలోకి తీసుకున్నారు. ఒక గీత వస్తువు అంచు కావచ్చు, రెండు ముఖాలు కలిసే మూల కావచ్చు, నీడ హద్దు కావచ్చు, పగులు కావచ్చు. విడిగా చూస్తే ఏదైనా కావచ్చు. కానీ ఒక మూలలో కలిసే గీతలు ఒకదానికొకటి పొసగాలి. పొసగనివాటిని కొట్టేస్తూ పోతే చివరికి చాలాచోట్ల ఒకే అర్థం మిగిలింది. నీడ చేరితే చిక్కు పెరుగుతుందనుకుంటే, అది సాక్ష్యంగా మారి చిక్కును విప్పింది. ఎంతో అందమైన పని అది. అయితే అదంతా శుభ్రంగా గీసిన గీతల బొమ్మల మీద. నిజమైన గదిలో గీతలెవరు గీసిపెడతారు?

ఆ నిజమైన గదిలోకి అడుగుపెట్టింది షేకీ. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1966 నుంచి 1972 దాకా చార్లెస్ రోజెన్, నిల్స్ నిల్సన్, పీటర్ హార్ట్, బెర్ట్రమ్ రాఫేల్ మొదలైనవాళ్లు కలిసి తయారుచేసిన చక్రాల రోబో అది. కదిలినప్పుడల్లా ఊగిపోయేది కాబట్టి ఆ పేరు. దానికి కొన్ని గదులు, కొన్ని దిమ్మలు ఇచ్చారు. గోడ ఎక్కడ అయిపోయి నేల ఎక్కడ మొదలవుతుందో దాని కెమెరాకు తెలియాలని గోడల అడుగున ముదురు రంగు పట్టీలు వేశారు. లోకాన్ని చూడటం యంత్రానికి నేర్పలేక, యంత్రానికి కనిపించేలా లోకానికే రంగులు వేసుకున్నారన్నమాట.

ఫలానా దిమ్మను పక్క గదిలోకి తోయమని షేకీకి చెప్పాలనుకోండి. అందుకోసం 1971లో స్ట్రిప్స్ అనే పద్ధతి రాశారు. ప్రతి పనికీ మూడు జాబితాలు. పని మొదలుపెట్టడానికి ముందు నిజం కావలసినవి మొదటిది: రోబో దిమ్మ పక్కనే ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. పనయ్యాక కొత్తగా నిజమయ్యేవి రెండోది: దిమ్మ రెండో గదిలో ఉంది, రోబో కూడా రెండో గదిలో ఉంది. మూడోది ఇకపై నిజం కానివి: దిమ్మ మొదటి గదిలో ఉంది, రోబో మొదటి గదిలో ఉంది. ఈ మూడో జాబితా రాయడం మరిచిపోతే దిమ్మ రెండు గదుల్లోనూ ఉన్నట్టే యంత్రం లెక్క. ఒక వస్తువు ఒకేసారి రెండు చోట్ల ఉండదని దానికి ఎవరు చెప్పారు?

మరి మారనివాటి సంగతి? దిమ్మను తోస్తే కిటికీ రంగు మారదు. మిగతా దిమ్మలు కదలవు. రోబో మాయమైపోదు. ఇవన్నీ కూడా చెప్పాలా? జాన్ మెకార్తీ, పాట్రిక్ హేస్ 1969లో రాసిన వ్యాసంలో ఈ ముడి బయటపడింది. ఒకాయన ఇంకొకాయనకు ఫోన్ చేయడమనే చిన్న పనిని తర్కంలో రాయబోతే, డైరెక్టరీలో నంబరు వెతికాక కూడా ఆయన దగ్గర ఫోన్ ఉంటుందని విడిగా ఒక వాక్యం చేర్చాల్సి వచ్చింది. నంబరు వెతికినంతలో ఫోన్ ఎక్కడికి పోతుందని మనకు నవ్వొస్తుంది. పోదన్న సంగతి యంత్రానికి తెలియదు. ఒక పని చేస్తే ఏవేవి మారవో చెప్పుకుంటూ పోతే ఆ జాబితాకు అంతుండదు. దీన్ని 'ఫ్రేమ్ సమస్య' అన్నారు. దీని మీద తత్వవేత్తలు కూడా దశాబ్దాల పాటు వాదించుకున్నారు.

షేకీ దిమ్మల్ని తోసింది, తలుపులు దాటింది, దారికి అడ్డొస్తే చుట్టూ తిరిగి వెళ్లింది. దారి వెతకడానికి దానికోసం 1968లో హార్ట్, నిల్సన్, రాఫేల్ కనిపెట్టిన ఎ-స్టార్ పద్ధతి వీడియో గేముల్లో పాత్రల్ని నడిపించడం దగ్గర్నుంచి మ్యాపుల్లో దారి చూపడం దాకా లెక్కలేనన్ని ప్రోగ్రాములకు పునాది అయింది. షేకీ ఇప్పుడు మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

రంగు పట్టీలు లేని మామూలు గదిలో ఏం జరుగుతుందో తేల్చిచూసింది హాన్స్ మోరవెక్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1960ల మొదట్లో ఒక బండి చేశారు. చంద్రుడి మీద తిరిగే బండిని భూమ్మీద నుంచి నడపడం సాధ్యమా అని పరీక్షించడానికి చేసిన చిన్న సైకిల్ చక్రాల బండి అది. సంకేతం వెళ్లి రావడానికి పట్టే రెండున్నర సెకన్ల ఆలస్యాన్ని తట్టుకుని నడపగలమా అన్నది అప్పటి ప్రశ్న. తర్వాత అదే బండి మనిషి నడపకుండా తనంతట తాను నడిచేలా చేయాలన్న ప్రయత్నం మొదలైంది, మోరవెక్ దాన్ని భుజాన వేసుకున్నారు.

1979లో కుర్చీలు అడ్డదిడ్డంగా పెట్టిన గదిలో ఆ బండిని వదిలారు. బండి మీద ఒక పట్టా, పట్టా మీద అటూ ఇటూ జరిగే కెమెరా. ఆగిన ప్రతిచోటా కెమెరా పక్కకు జరుగుతూ తొమ్మిది ఫోటోలు తీస్తుంది. బొమ్మలో గుర్తుపట్టడానికి వీలైన బిందువుల్ని ఎంచుకుని, తొమ్మిది ఫోటోల్లోనూ అవి ఎంతెంత జరిగాయో కంప్యూటర్ కొలుస్తుంది. దగ్గరి బిందువు ఎక్కువ జరుగుతుంది, దూరపుది తక్కువ. దాన్నిబట్టి దూరాలు లెక్కగట్టి, అడ్డంకుల పటం వేసుకుని, దారి గీసుకుని, బండిని ఒక మీటరు కదుపుతుంది. మళ్లీ ఆగుతుంది. మళ్లీ తొమ్మిది ఫోటోలు. ఒక్కో మీటరుకు పది నుంచి పదిహేను నిమిషాలు. ఇరవై మీటర్ల దారి దాటడానికి దాదాపు ఐదు గంటలు పట్టింది. గదిలో గెలిచాక ఆరుబయట ప్రయత్నించారు. అక్కడ బండి ఆలోచించుకునే లోపు సూర్యుడు కదిలాడు, సూర్యుడితోపాటు నీడలూ జరిగాయి. రాబర్ట్స్ అంచుల్ని తికమకపెట్టిన నీడలే ఇక్కడ కదిలే అడ్డంకులయ్యాయి.

ఆ ఐదు గంటలు ఓటమి అని నేననను. తన కళ్లతో తాను చూసుకుంటూ, ఎవరూ రంగులు వేసిపెట్టని గదిని ఒక యంత్రం దాటింది. అంతకుముందు అలాంటివి అరుదు.

1980లో మోరవెక్ పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి, అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. ఏడాది ముందే దాన్ని నెలకొల్పిన తొలి డైరెక్టర్ మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో మెకార్తీ దగ్గర డాక్టరేట్ చేసిన రెడ్డి గారు పట్టుకున్నది చూపు కాదు, వినికిడి. అదీ ఇలాంటి మొండి సమస్యే. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుందని మనం అనుకుంటాం. కాగితం మీద ఉంటుంది, ధ్వనిలో ఉండదు. 'ఎక్కడికెళ్తున్నావ్' అన్నప్పుడు ఒక మాట ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో ధ్వని గ్రాఫులో వెతికితే దొరకదు. వినేవాడికి మాత్రం అది పుట్టినప్పటి నుంచీ తెలిసిన విద్యలా అనిపిస్తుంది.

1970ల తొలి ఏళ్లలో రెడ్డి బృందం తయారుచేసిన హియర్‌సే-1 అనే ప్రోగ్రాం చదరంగం ఎత్తుల్ని నోటితో చెబితే వినేది. విన్న మాట స్పష్టంగా తేలకపోతే ఏం చేసేదంటే, బల్ల మీద ఆ క్షణాన చెల్లే ఎత్తులేవో లెక్కవేసి, వాటితో పోల్చుకుని ఏ మాట అయి ఉంటుందో నిర్ణయించేది. మనిషికి గొప్ప తెలివి కావలసిన చదరంగం, మనిషికి పని కిందే లెక్కలేని వినడానికి అక్కడ చేయూతనిచ్చింది. ఏది తేలిక, ఏది కష్టం అన్న మన అంచనా తలకిందులైందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1976లో అదే చోట వచ్చిన హార్పీ 1011 మాటలు గుర్తుపట్టగలిగింది. 1994లో రెడ్డి గారికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఆసియాలో పుట్టినవారిలో అది మొదట అందుకున్నది ఆయనే.

మోరవెక్ తన అనుభవాన్ని 1988లో ఒక పుస్తకంగా రాశారు. పెద్దవాళ్ల తెలివి పరీక్షలు నెగ్గేలా యంత్రాన్ని తయారుచేయడం తేలిక, ఏడాది పిల్లకున్న చూపూ నడకా ఇవ్వడం కష్టం అన్నది ఆయన తేల్చిన విషయం. దానికి ఆయనిచ్చిన కారణం పరిణామ చరిత్ర. చూడటం, కదలడం, పట్టుకోవడం మన పూర్వీకులైన జంతువులు కోట్లాది ఏళ్లుగా సానపట్టినవి. లెక్కలూ తర్కమూ నిన్నమొన్నటివి. పాతబడినకొద్దీ పని మెదడు లోపలికి దిగిపోయింది, పైకి కష్టం తెలియకుండా పోయింది. అందుకే ఆ పనులకు సూచనలు రాయబోతే చేతికి అందవు.

పాపెర్ట్ పథకం వచ్చిన 1966లోనే మైకెల్ పొలాన్యి అనే తత్వవేత్త ఇలా నోటికి రాని జ్ఞానం మీద ఒక పుస్తకం ప్రచురించారు. పుచ్చకాయల బండి దగ్గర అమ్మేవాడు కాయను అరచేత్తో తట్టి, విని, 'ఇది తీసుకోండి' అంటాడు. ఏ మోతకు పండినట్టో రాసిమ్మంటే రాయలేడు. తెలివి ఉంది, మాటల్లోకి రాదు. కంప్యూటర్‌కు మాత్రం మాటల్లోకి వచ్చిందే తెలివి. అప్పట్లో అంతే.

ఎంత పెద్ద పనైనా సరే మాటల్లో పెట్టి తీరాలన్న పట్టుదల ఒకరికి ఉండేది. డగ్లస్ లెనాట్ 1984లో సైక్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, నీళ్లు పోస్తే తడుస్తుంది, చనిపోయినవాళ్లు తిరిగి రారు వంటి ఇంగితాన్నంతా ఒక్కొక్కటిగా రాయించడం మొదలుపెట్టారు. 2023లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. అంత ఓపిక అరుదు. ఎం.ఐ.టి.లో రాడ్నీ బ్రూక్స్ దీనికి ఎదురు దారి పట్టారు. మోరవెక్ బండి ఆగి ఆగి నడిచే రోజుల్లో ఆయన స్టాన్‌ఫర్డ్‌లోనే విద్యార్థి. లోకం పటాన్ని లోపల గీసుకుంటూ కూర్చోవడమే దండగ, తగిలితే వెనక్కి తిరగాలి, ఖాళీగా ఉంటే ముందుకు పోవాలి, అలాంటి చిన్న చిన్న సూత్రాలు చాలన్నారు. ఆయన భాగస్వామిగా పెట్టిన కంపెనీ 2002లో అమ్మకానికి తెచ్చిన గది ఊడ్చే రూంబా ఆ ఆలోచనకు వారసురాలే. నేల ఊడ్చడానికి అది సరిపోయింది. కప్పును గుర్తుపట్టడానికి సరిపోలేదు.

కప్పుకు దారి దొరికింది, సూచనలు రాయడం మానేశాకే. ప్రిన్స్‌టన్‌లో ఫెయ్-ఫెయ్ లీ బృందం ఇంటర్నెట్ నుంచి ఫోటోలు పోగుచేసి, ఏ ఫోటోలో ఏముందో మనుషుల చేత గుర్తులు పెట్టించింది. 167 దేశాల నుంచి వేలాది మంది కంప్యూటర్ ముందు కూర్చుని 'ఇది కుక్క, ఇది కప్పు' అని గుర్తించిపెట్టారు. 2009లో ఆ సంగ్రహం ఇమేజ్‌నెట్ పేరుతో వెలువడింది. చివరికి దాదాపు కోటీ నలభై లక్షల ఫోటోలయ్యాయి. 2012లో టొరంటోలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సట్‌స్కెవర్, జెఫ్రీ హింటన్ అందులోంచి పన్నెండు లక్షల ఫోటోల్ని ఒక నాడీజాలానికి (న్యూరల్ నెట్‌వర్క్‌కు) చూపించారు. వీడియో గేముల కోసం అమ్మే రెండు గ్రాఫిక్స్ కార్డుల మీద ఐదారు రోజులు నడిపారు. ఇమేజ్‌నెట్ ఫోటోల్ని గుర్తుపట్టే ఆ ఏటి పోటీలో రెండో స్థానంలో నిలిచినవాళ్లు 26 శాతం తప్పులు చేస్తే, వీళ్ల యంత్రం 15 శాతం చేసింది.

ఆ నాడీజాలంలో సర్దుబాటు చేసుకోవలసిన అంకెలు ఆరు కోట్లు. ఒక్కటి కూడా మనిషి రాసింది కాదు. శిక్షణ అయ్యాక మొదటి పొరలో ఏం తయారైందా అని తెరిచి చూస్తే, అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా అంచుల్ని పట్టుకునే చిన్న చిన్న జల్లెడలు కనిపించాయి. అంచు అన్నది ఒకటుంటుందని దానికి ఎవరూ చెప్పలేదు. రాబర్ట్స్ 1963లో కూర్చుని రాసిన సూచన, పిల్లి మెదడులో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ 1959లో కనిపెట్టిన, అంచులకు స్పందించే కణాల తీరు, ఈ మొదటి పొర - మూడూ ఒకేచోటికి వచ్చాయి. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు కలిగిన సంతోషం నాలో ఇంకా తగ్గలేదు. రాబర్ట్స్ దారి తప్పలేదు. ఆ మొదటి మెట్టు పైన ఇంకా ఎన్ని మెట్లున్నాయో, వాటిని చేత్తో చెక్కడం ఎందుకు కుదరదో అప్పుడు తెలియదు, అంతే.

చూపుకు దొరికినంత సులువుగా చేతికి ఉదాహరణలు దొరకలేదు. ఇంటర్నెట్ నిండా ఫోటోలున్నాయి కానీ, గుడ్డను ఎంత గట్టిగా పట్టుకోవాలో, ఏ క్షణాన వదలాలో ఎవరూ రాసిపెట్టుకోలేదు. 2010లో బర్క్‌లీలో పీటర్ అబీల్ బృందం పిఆర్2 అనే రెండు చేతుల రోబోకు తువ్వాళ్లు మడతపెట్టడం నేర్పింది. అది తువ్వాలును పట్టుకుని గాల్లో తిప్పుతుంది, ఫోటోలు తీస్తుంది, వేలాడుతున్న గుడ్డలో మూల ఎక్కడుందో వెతుకుతుంది, ఆ మూలను రెండో చేత్తో అందుకుంటుంది, మళ్లీ తిప్పుతుంది. యాభైకి యాభై మడతపెట్టింది. ఒక్కోదానికి సగటున ఇంచుమించు 25 నిమిషాలు పట్టింది. ఆ వీడియోను యాభై రెట్ల వేగంతో చూపించారు.

2024లో ఫిజికల్ ఇంటెలిజెన్స్ అనే అమెరికన్ కంపెనీ, డ్రయ్యర్‌లోంచి ఉతికిన బట్టలు తీసి మడతపెట్టే రోబోను చూపించింది. దానికి నేర్పడానికి ప్రయోగశాలల్లో మనుషులు రోబో చేతుల్ని తమ చేతులతో నడిపిస్తూ, చొక్కాలు, లాగులు గంటల తరబడి మడతపెట్టారు. ప్రతి కదలికా రికార్డయింది. భుజాల దగ్గర పట్టుకోవాలా, నడుము దగ్గరా అని వాళ్లనెవరూ అడగలేదు. మడతపెట్టమన్నారు, అంతే.